ఊరు తెలియని పక్షి



నేడు మీకొక పక్షి చరిత్ర విన్నవింపదలచితిని. రాజులకును రాజ్యములకును గాని పక్షికి చరిత్ర యేమని మీలో కొందఱనుకొనవచ్చును. ఈ పక్షి కథలో ఒక రాకుమారుడున్నాడు, ఒక యేనుగున్నది, రెండు యుద్ధములున్నవి. వీని నడుమ ఒక చిన్న పొరపాటున్నది. ఆ పొరపాటు విద్వాంసులను రమారమి ఏబదియేండ్లు త్రిప్పలు పెట్టినది. అట్టి పొరపాటును మనమును మన యిండ్లలో నిత్యము చేయుచున్నాము. నేనును నా యుద్యోగకాలమున చేసితిని. ఆ మాట కడపట చెప్పెదను.

ఆఫ్రికాఖండమునకు తూర్పువైపున ఇథియోపియా యను దేశము గలదు. మన తాతలనాటి పుస్తకములలో దీనిని అబిసీనియా యని వ్రాసిరి. అది పర్వతముల దేశము. ఆ దేశపు దక్షిణభాగమున, సముద్రమట్టమునకు సుమారు 4,000 మొదలు 6,500 అడుగుల యెత్తున అడవులున్నవి. జూనిపర్, పోడోకార్పస్ అను వృక్షములును, మన మేడి జువ్వి చెట్ల వంశమునకు చెందిన చెట్లును అందు పెరుగును. వాగుల వెంబడి తుమ్మజాతి చెట్లుండును. మన కథానాయకుని నివాసము ఆ యడవులే. దాని పేరు రుస్పోలీ తురాకో.

తురాకోలనునవి ఒక పెద్ద కుటుంబపు పక్షులు. ఇరువదికి పైబడిన జాతులున్నవి. అన్నియు ఆఫ్రికావే, భూమిమీద మఱెక్కడను స్వతస్సిద్ధముగ లేవు. పండ్లు తిని బ్రతుకును. దూరమెగురుటలో అంత నేర్పరులు కావుగాని కొమ్మలమీద ఉడుతలవలె పరుగెత్తును. కాలి వెలుపలి వ్రేలిని ముందునకును వెనుకకును త్రిప్పుకొనగల నేర్పు వానికి గలదు. గొంతుమాత్రము కరకు, రూపము చూచి పాట విన్నవానికి ఆశాభంగమగును.

ఇక రుస్పోలీ తురాకో రూపము వినుడు. ముక్కుకొన మొదలు తోకకొన వఱకు సుమారు 40 సెంటీమీటర్లు, అనగా మూరకు కొంచెము తక్కువ. మెడయు రొమ్మును ఆకుపచ్చన. వీపును తోకయు నీలిచాయ. తలమీద పాలమీగడవంటి తెల్లని జుట్టు. కంటిచుట్టు ఎఱ్ఱని వలయము. కొమ్మల నడుమ కదలక కూర్చున్నంతసేపు ఆకులలో ఆకై యుండి కంటికానదు. రెక్క విప్పి ఎగిరినతోడనే రెక్కలోని పెద్ద యీకలు కుంకుమవలె ఎఱ్ఱగా మెఱయును. మరల కొమ్మమీద వ్రాలి రెక్క ముడుచుకొన్నచో ఆ యెఱుపు మాయమగును.

ఈ యెఱుపును గూర్చి ఒక వింత చెప్పవలెను. తురాకోల రెక్కలలోని ఎఱ్ఱరంగును ఆర్థర్ హెర్బర్ట్ చర్చ్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు పరీక్షించి 1869లో తన పరిశోధనను ప్రకటించెను. ఆ రంగులో రాగి యున్నది! నూటికి ఆఱేడుపాళ్లు రాగియే. దానికి టురాసిన్ అని పేరు పెట్టిరి. చౌడువంటి క్షారము కలిసిన నీటిలో నీ యెఱుపు కరగి దిగును. ఆకుపచ్చ సంగతియు విశేషమైనదే. మన చిలుక యీకలో ఆకుపచ్చని రంగుపదార్థమే లేదు; పసుపురంగును, ఈక కట్టుబాటువలన వెలుగు చెదరి పుట్టిన నీలమును కలిసి మన కంటికి ఆకుపచ్చగా తోచును. తురాకోల ఆకుపచ్చ యట్టిది కాదు, నిజమైన రంగు. పక్షిలోకమున ఇది మిక్కిలి అరుదు.

పక్షిని చూచితిమి. ఇక దానికి పేరిచ్చిన మనుష్యుని చూతము.

యూజేనియో రుస్పోలి ఇటలీదేశపు ప్రభువంశమువాడు. 1866లో రుమేనియాదేశమున, తల్లి పుట్టినగడ్డమీద, జన్మించెను. తండ్రి ఎమాన్యుయేలే రుస్పోలి రోమునగరమునకు పురాధ్యక్షుడుగ పనిచేసినవాడు. కలిగినయింటి బిడ్డ; ఇంట కూర్చుండి సుఖముగ జీవింపవచ్చును. ఐనను ఆ కాలపు ఐరోపా యువకులకు ఆఫ్రికా లోపలి భాగములను చూడవలెనను పిచ్చి పట్టియుండెను. పటములలో తెల్లగా విడిచిన తావులు వారిని పిలుచుచుండెను. ఆ పిచ్చి వెనుక విద్యాసక్తియు గలదు, కీర్తికాంక్షయు గలదు, రాజ్యకాంక్షయు గలదు. ఇటలీ ప్రభుత్వము ఆ భాగమున కాలు మోపి, ఇంకను లోపలికి చొరబడజూచుచున్న దినములవి.

1891లో నితడొకసారి సోమాలీల దేశమునకు వెళ్లివచ్చెను. 1892 చివర మరల బయలుదేరి, సముద్రతీరమందలి బెర్బెరా రేవునుండి ఒంటెలతోను ఆయుధపాణులైన బంట్లతోను లోపలికి సాగెను. డొమెనికో రీవా యను వృక్షశాస్త్రజ్ఞుడు వెంట నుండెను. గనాలే, దావా అను నదుల సీమలలో నెలల తరబడి తిరిగిరి. దారిపొడుగునను మొక్కలు, పక్షులు సేకరించిరి. 1893 డిసెంబరు 4వ తేదీన బుర్జీ యను ప్రదేశమున రాకుమారుడు ఏనుగువేటకు పోయి ఆ యేనుగుచేతనే మడిసెను. అప్పటి కతని వయస్సు 27 సంవత్సరములు.

ఇచ్చట శ్రోతలు ఒక సంగతి తెలిసికొనవలెను. పక్షిశాస్త్రమునకై పక్షిని సేకరించువారు దాని చర్మమును ఈకలతో సహా ఒలిచి, పురుగు పట్టకుండ పాషాణము కలిపిన మందు పూసి, లోపల ప్రత్తి కూరి, కాలికొక చీటీ కట్టుదురు. ఆ చీటీమీద ఏ యూర, ఏ తేదీన, ఎవరు పట్టినది వ్రాయుదురు. చూచుటకది చిన్న కాగితపుముక్క. దాని విలువ చర్మమునకంటె తక్కువ కాదు. చర్మము పక్షి యెట్లుండునో చెప్పును. ఎచ్చట, ఎప్పుడు ఉండెనో చీటీయే చెప్పవలెను.

రాకుమారుని పెట్టెలు ఇటలీకి చేరినవి. టూరిన్ నగరపు మ్యూజియమునందలి తొమ్మాసో సాల్వదోరి అను పండితుడు అందలి పక్షులను పరీక్షించెను. ఈయన యౌవనమున గారిబాల్దీ దండులో వైద్యుడుగ పోయినవాడు; తరువాత జీవితమంతయు పక్షిశాస్త్రమునకే ధారపోసెను. పెట్టెలో నొక తురాకో చర్మము కనబడినది. తెల్లజుట్టుగల ఆ తురాకో అంతవఱకు తెలిసిన వానిలో దేనితోను సరిపోలలేదు. అది క్రొత్త జాతియని నిర్ణయించి 1896లో ఆయన దానికి మృతుడైన రాకుమారుని పేరు పెట్టెను.

పేరు గలిగినది. ఊరు మాత్రము లేదు. ఆ పక్షిని ఎచ్చట పట్టినదియు, ఏ దినమున పట్టినదియు రాకుమారుడు వ్రాసిపెట్టలేదు. 1892లో పట్టినదో, 1893లో పట్టినదో కూడ నిర్ణయింప వీలులేదు. అడుగుదమన్న అతడు లేడు. అతడు నడచిన దారి వందల మైళ్ల పొడవు. ఎండి బీటలు వారిన పల్లపునేలలు కొన్ని, చల్లని కొండయడవులు కొన్ని. ఆ దారిలో ఏ మజిలీవద్ద ఈ పక్షి పట్టుబడెనో చెప్పువారెవరు?

సాల్వదోరి ఈ పేరు పెట్టిన 1896వ సంవత్సరము చరిత్రలో మఱియొక కారణమున ప్రసిద్ధము. ఆ యేడు మార్చి 1వ తేదీన అడ్వా యనుచోట ఇథియోపియా చక్రవర్తి రెండవ మెనెలిక్ సేనలు ఇటలీసైన్యమును చిత్తుగ నోడించినవి. ఆఫ్రికాను పంచుకొనుచున్న ఐరోపా రాజ్యములకు అది గట్టి దెబ్బ. నేల యిటలీకి దక్కలేదు. ఆ నేలమీది పక్షికి మాత్రము శాస్త్రగ్రంథములలో ఇటలీవాని పేరు నిలిచిపోయినది. పేరు పెట్టుట వేఱు, ఎఱుగుట వేఱు అనుటకు ఇంతకంటె నిదర్శనము నాకు తోచదు.

అటుపిమ్మట సుమారు ఏబదియేండ్లు గడచినవి. ఆ పక్షిని చూచితినని వ్రాసిన శాస్త్రజ్ఞుడొక్కడును లేడు. 1935లో ఇటలీ మరల ఇథియోపియామీద దండెత్తి, 1936 మే నెలలో రాజధానియైన అడిస్ అబాబాను పట్టుకొనెను. 1941లో బ్రిటిషు సేనలు ఇటలీవారిని అచ్చటినుండి తఱిమివేసినవి. ఆ యుద్ధమున భారతసైన్యపు దళములును ఎరిట్రియాలోని కెరెన్ కడ ఘోరముగ పోరాడినవి. ఈ సేనలతో ఇథియోపియా దక్షిణభాగమునకు వచ్చినవారిలో బెన్సన్ అను నాయన యొకడు. ఇప్పుడు మలావి యనబడు న్యాసాలాండులో నుద్యోగి. పక్షులను పరిశీలించుట ఆయనకు ప్రాణము. యుద్ధోద్యోగపు తీరికవేళల ఆయన కంటబడిన ప్రతి పక్షిని గుఱించి వ్రాసికొనుచుండెను. అరెరో యను తావునకు చేరువనున్న అడవిలో ఆయనకు తెల్లజుట్టు తురాకో కనబడినది. రాకుమారుని పెట్టెలోని పక్షి యదియే!

బెన్సన్ చేసిన మఱొక పని చెప్పినగాని నా మనస్సు తృప్తిపడదు. ఆ సీమలోనే ఆయనకు తోక తెల్లనైన వానకోవెల యొకటి దొరికినది. 1942లో దానికి శాస్త్రనామము పెట్టునపుడు ఏ ప్రభువు పేరును పెట్టలేదు. మేగా యను ఊరిపేరు పెట్టెను. పక్షిపేరు పలికిన వానికి దాని యూరును తెలియును. చీటీ చిరిగిపోయినను, పెట్టె పోయినను, పేరులోనే తావు నిలిచియుండును.

ఇప్పుడొక ప్రశ్న. ఈ యేబదియేండ్లును పక్షి ఎక్కడికి పోయినది? ఎక్కడికిని పోలేదు. తన యడవిలోనే యుండెను. ఆ సీమవారైన బోరానా పశుపాలకులు తమ మందలను తోలుకొనిపోవుచు ఆ కరకు గొంతు వినుచునే యుండిరి. వారి కది తప్పిపోయిన పక్షి కాదు. తప్పిపోయినది పుస్తకములలో మాత్రమే. గ్రామములలో నున్నవారు ఎఱిగియు వ్రాయరు. దూరమునుండి వచ్చినవారు వ్రాయగలరు గాని ఎఱుగరు. ఈ రెండింటి నడుమ ఎంతో విద్య నేలపాలగుచున్నది.

ఐతే కడకు దొరికినది గదా, నష్టమేమి యని అడుగవచ్చును. నష్టము గలదు. తరువాతి కాలమున వచ్చినవారు ఈ పక్షిని దక్షిణ ఇథియోపియాలో మఱికొన్ని చోట్ల చూచిరి. ఐనను దాని సీమ చిన్నది. ఆ చిన్న సీమలోను అడవి తఱుగుచున్నది. సేద్యమునకై చెట్లు నఱకుదురు, వంటచెఱకునకు నఱకుదురు, నిప్పు పెట్టుదురు. తెల్లచెంపల తురాకో యను మఱొక జాతి ఇథియోపియాలో విస్తారముగ నున్నది. రెండును కలియుచోట్ల సంకరసంతానమును చూచినవారున్నారు. కావున ఈ పక్షిని కాపాడదలచినవారు మొదట అడుగవలసినది, పూర్వమిది ఎంతవఱకు వ్యాపించియుండెను అనియే. నూఱేండ్లక్రింద ఉన్న తావున నేడును ఉన్నదా, లేక అచ్చట నశించి ఇచ్చటమాత్రము మిగిలినదా? ఆ కాలపు సాక్షి యొక్కటే, రాకుమారుని చర్మము. ఆ సాక్షి నోట మాట లేదు. రాకుమారుడు ఒక్క పంక్తి, ఊరిపేరును తేదీయును, వ్రాసియున్నచో ఆ ప్రశ్నకు సమాధానమునకు దారి దొరకెడిది. ఒక్క పంక్తి వ్రాయుటకు ఎంతసేపు పట్టును?

మన సంప్రదాయమున ఏ శుభకార్యమునకైనను ముందు సంకల్పము చెప్పుదుము. అందు మొదట ద్వీపము, వర్షము, ఖండము, ఏ నదుల నడుమ నున్నామో ఆ తావు చెప్పుదుము. పిమ్మట సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము చెప్పుదుము. ఇన్నియు చెప్పినపిమ్మటగాని కర్త తన గోత్రనామములు చెప్పుకొనడు. బాల్యమున గురువుగారివద్ద చదువుకొనుచుండగా ఇంత పొడవెందులకని విసుగుకొనెడివాడను. దేశమును కాలమును ముందు, పేరు కడపట, అను ఆ వరుసలోని యుక్తి ఈ పక్షి కథ చదివిన పిమ్మట నాకు బోధపడినది. పాప మా పక్షికి పేరొక్కటే దక్కినది.

మన తాళపత్రములు వ్రాసిన లేఖకులును ఈ మర్యాద నెఱిగినవారే. గ్రంథము ముగిసినపిమ్మట ఏ సంవత్సరమున, ఏ తిథిని, ఏ యూర, ఎవరి కొఱకు వ్రాసినదియు పెక్కండ్రు వ్రాసియుంచెడివారు. మా గురువుగారు నాకిచ్చిన తాటాకుల కట్ట యొకటి నా యింట నున్నది. దాని కడపటి ఆకు పోయినది. గ్రంథమంతయు చదువవచ్చును, ఏ చేయి వ్రాసెనో, ఏ యూర వ్రాసెనో చెప్పవలనుపడదు. ఆ కట్ట చేతబట్టినపుడెల్ల నాకు రాకుమారుని పెట్టె జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఇక నా పొరపాటు. నేను బడిలో చేరిన క్రొత్తలో పిల్లలను చేర్చుకొనుటకు తల్లిదండ్రులు వచ్చెడివారు. పుట్టినతేదీ చెప్పుమందును. తెలియదు బాబూ యందురు. నేను పిల్లవానిని ఎగాదిగ చూచి, అయిదేండ్లు నిండియుండునని తలచి, జూలై ఒకటవ తేదీ యని పుస్తకమున వ్రాసి సంతకము చేసెడివాడను. ఎందఱకట్లు వ్రాసితినో లెక్కలేదు. చాల సంవత్సరములకు నా శిష్యుడొకడు వచ్చి నా యెదుట నిలువబడెను. వానికి రావలసిన యుద్యోగమొకటి వయస్సు మించినదని తప్పిపోయినది. నా పుస్తకము ప్రకారము వాడు నిజమునకంటె ఏడాదిన్నర పెద్దవాడు. వాని వెంట వాని తల్లియు వచ్చినది. ఆమె నాతో ననిన మాట యిది: “సంక్రాంతి ముందటి రాత్రి పుట్టినాడయ్యా. మా ఊరి చెఱువు తెగిన మఱుసటి యేడు. మీరు అడిగియుంటే చెప్పియుందును గదా!”

చెఱువు తెగిన యేడు ఊరిలో అందఱికిని తెలియును. పండుగ పంచాంగములో నున్నది. రెండును కలిపిన తేదీ తేలును. ఆ తల్లికి తేదీ తెలియకపోలేదు. నా పుస్తకపుభాషలో తెలియలేదు, అంతియే. నేను తేదీ యడిగితిని గాని ఆమె యెఱిగినదానిని అడుగలేదు. నా శిష్యుడు నన్నొక్క మాట యనలేదు. నమస్కరించి వెళ్లిపోయెను. నాటినుండి రుస్పోలి రాకుమారుని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అతడు మృత్యువు తొందరపెట్టగా వ్రాయలేకపోయెను. నేను కుర్చీలో కూర్చుండియు తప్పు వ్రాసితిని.

కావున పెద్దలారా, నాదొక విన్నపము. మీ యింట గోడకు వ్రేలాడుచున్న పాత పటము వెనుక, అందున్నవారి పేర్లును, ఊరును, సంవత్సరమును ఒక పంక్తి వ్రాయుడు. మీ యూరి బావిని ఎవరు త్రవ్వించిరో, ఏ యేడు త్రవ్వించిరో మీకు తెలియును. మీ మనుమలకు తెలియదు. మీ చెఱువునకు ఏ కార్తెలో ఏ కొంగలు వచ్చెడివో, ఏ గుట్టమీద ఏ చెట్టుండెడిదో మీకు తెలియును. వ్రాయుడు. వ్రాయలేనివారు బడికి పోవు మనుమని కూర్చుండబెట్టి చెప్పుడు; వాడు వ్రాయును. తేదీ తెలియదని వెనుదీయకుడు. గాలివాన యేడనియో, కరవు ముందటి యేడనియో, పెద్దపండుగనాడనియో చెప్పిన చాలును. తరువాతివాడు లెక్క కట్టుకొనును.

ఇథియోపియా కొండలలో ఆ పక్షి నేడును రెక్క విప్పి రాగియెఱుపు చూపుచునే యున్నది. దానిని చూచినవారిప్పుడు ఊరును తేదీయును వ్రాసికొనుచున్నారు. ఏబదియేండ్లు పోయినపిమ్మట నేర్చినపాఠమది. మనకు అంతకాలము పట్టనక్కరలేదు. నేటి సాయంకాలము దీపము పెట్టినపిమ్మట మొదలుపెట్టవచ్చును.